ఓడకు ముందు రెండు రోజులు, దిగిన తర్వాత ఒక రోజు

మా హోసూరు వారికి సముద్రంతో పని లేదు. దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున, కన్నడ దేశపు సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు మాది. గులాబీ తోటలు, కార్ఖానాలు, కొండ మీద చంద్రచూడేశ్వరుడు, చలికాలంలో పొద్దెక్కినా వదలని మంచు, ఇవీ మాకు తెలిసినవి. కృష్ణగిరి వైపు దిగితే మామిడి తోపులు. నలభై కిలోమీటర్లలో బెంగుళూరు ఉన్నది కనుక పిల్లల చదువులకైనా, పెద్దల వైద్యానికైనా అటే పరుగు. చెన్నపట్నం మా రాష్ట్రానికి రాజధాని అయినా మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్నది. సర్కారు పనో, కోర్టు పనో పడితే రాత్రి బస్సెక్కి పోతాము. పగలు పని చూసుకొని మళ్ళీ రాత్రి బస్సుకు వచ్చేస్తాము. అట్లా పది మార్లు పోయి వచ్చిన వారు కూడా చెన్నపట్నం చూశామని చెప్పలేరు.

అటువంటి మేము 2023లో ఓడ ప్రయాణం తలపెట్టాము. పని కోసం కాదు, వినోదం కోసమే. చెన్నపట్నం రేవు నుండి ఇటువంటి విహార నౌక 2022 జూన్‌లో నడవడం మొదలైంది. మొదటి ఏడు విశాఖపట్నం, పుదుచ్చేరి వైపు తిరిగింది. 2023 జూన్ నుండి శ్రీలంకకు కూడా వెళ్ళింది. నైరుతి ఋతుపవనాల రోజుల్లో పడమటి సముద్రం రేగి ఉంటుంది కనుక, బొంబాయి వైపు తిరిగే ఓడ ఆ నెలల్లో తూర్పు తీరానికి వస్తుంది. కనుక ఆ తరుణం దాటితే మళ్ళీ ఏడాది దాకా ఎదురు చూడవలసిందే.

ఈ ఆలోచన మాది కాదు, మా అమ్మది. ఆమెకు అప్పటికి డెబ్బయి నాలుగేళ్ళు. కృష్ణగిరి దగ్గర ఆమె పేరున చిన్న మామిడి తోట ఉన్నది. మా జిల్లాలో కాచే తోతాపురి కాయ చాలా భాగం రసం తీసే కార్ఖానాలకు పోతుంది. ఏటా ఆ కాయ డబ్బు మనుమలకు, మనుమరాళ్ళకు, గుడికి, అప్పులకు పోవడమే గాని ఆమె కొంగున ముడి పడిన ఏడు లేదు. ఆ ఏడు కోతలకు ముందే తీర్మానం చేసేసింది: “ఈ కాయ డబ్బు ఎవురికీ ఇచ్చేది లేదు. నేను సముద్రం చూసిందే లేదు. దాని మీద పోవాలప్పా.” ఇక మేము మాట్లాడడానికి ఏమున్నది? మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ, వెరసి ఐదుగురికి టిక్కెట్లు తీసుకున్నాము. ఐదు రాత్రులు ఓడలో. హంబన్‌టోట, త్రికోణమల, కాంకేశన్‌తురై రేవులు చూసి మళ్ళీ చెన్నపట్నం.

టిక్కెట్లు తీసుకోవడం ఒక పూట పని. ఓడ ఎక్కడానికి ముందు, దిగిన తర్వాత ఏమి చేయాలి అన్నదే ఇంట్లో నెల రోజుల చర్చ అయింది. ఈ సంగతి మన సంఘ సభ్యులకు పనికి వస్తుందని కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

బంధువులందరూ చెప్పిన సలహా ఒకటే. “ఓడ సాయంత్రం గదా! ముందు రోజు రాత్రి బస్సెక్కండి. తెల్లవారేసరికి చెన్నపట్నం. దిగిన నాడు మళ్ళీ రాత్రి బస్సు. హోటలుకు డబ్బు పోయడం ఎందుకు?” లెక్కకు ఇది బాగానే ఉన్నది. కాని మా దాయాదుల కుటుంబం ఒకటి అంతకు ముందు ఇట్లాగే లెక్క వేసుకొని బయలుదేరింది. వాలాజా దాటాక బస్సు ఆగిపోయింది. వేరొక బస్సు దొరికి, నగరంలో వాహనాల రద్దీ దాటి రేవు చేరేసరికి లోపలికి పంపే వేళ మించిపోయింది. ఓడ ఇంకా కంటి ముందే ఉన్నది! కాని సాయంత్రం కదిలే ఓడకు మధ్యాహ్నమే తలుపు మూస్తారు. విదేశానికి పోయే ఓడ కనుక సామాను తనిఖీ, పాస్‌పోర్టు తనిఖీ అన్నీ ముగిసిన తర్వాతనే ఎక్కిస్తారు. రైలు తప్పితే మరొక రైలు ఉంటుంది. ఓడ తప్పితే ఆ డబ్బు నీళ్ళలో పోసినట్లే. వారి డబ్బు తిరిగి రాలేదు. అమ్మ ఏడాది కాయ డబ్బును ఒక బస్సు చక్రానికి ముడి వేయడానికి మాకు మనసొప్పలేదు.

రెండవది, అమ్మ ఆరోగ్యం. ఆమెకు షుగరు ఉన్నది, మోకాళ్ళ నొప్పి ఉన్నది. రాత్రంతా కూర్చొని ప్రయాణం చేసి, నిద్ర లేక, చెన్నపట్నం ఉక్కలో సామాను మోసుకొని వరుసలో నిలబడితే ఓడ ఎక్కే నాటికే ఆమె సగమైపోతుంది. మా ఊరి చల్లగాలికి అలవాటు పడిన ఒంటికి సముద్రపు ఒడ్డు చెమట కొత్త. ఒకటి రెండు రోజులు ఆ గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు ఓడ ఎక్కించడం మంచిదని మా వైద్యుడు కూడా చెప్పాడు. కనుక ముందు రెండు రాత్రులు, దిగిన తర్వాత ఒక రాత్రి నగరంలో ఉండేటట్లు నిశ్చయించాము.

ఇక పోవడం ఎట్లా? కృష్ణగిరికి ఒకప్పుడు తిరుపత్తూరు వైపు నుండి చిన్న రైలు వచ్చేదని పెద్దలు చెబుతారు. ఇప్పుడు ఆ పట్టణానికి రైలు లేదు. హోసూరులో రైలు ఉన్నది గాని అది బెంగుళూరు, సేలం దారి. కనుక తెల్లవారక ముందే కారులో బయలుదేరి జోలార్‌పేట చేరి, బెంగుళూరు నుండి వచ్చే లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. రైలులో అమ్మ కాలు చాపుకొని కూర్చున్నది. ఆంబూరు, కాట్పాడి దాటి మధ్యాహ్నానికి సెంట్రల్ స్టేషనులో దిగాము. బస్సులో పోయే వారికి ఒక మాట. మేము పోయిన నాటికీ నేటికీ చెన్నపట్నంలో బస్సులు నిలిచే చోట్లలో మార్పులు జరిగినవి. 2023 డిసెంబరు చివర కిలాంబాక్కంలో కొత్త బస్సు స్టాండు తెరిచారు. ఏ బస్సు ఎక్కడ నిలుస్తుందో బయలుదేరే ముందు విచారించుకోవాలి. నగరపు అంచున దిగితే రేవు చేరడానికి మరొక గంట, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు కలుపుకోవాలి.

బస విషయంలో మేము పెట్టుకున్న నియమం ఇది. ముందు రోజుల బస రేవుకు దగ్గర ఉండాలి. తర్వాతి రోజు బస మనసుకు దగ్గర ఉండాలి. కనుక ముందు రెండు రాత్రులకు ఎగ్మూరులో గది తీసుకున్నాము. అక్కడి నుండి సెంట్రల్ దగ్గర, రేవు దగ్గర, మ్యూజియం మరీ దగ్గర. లిఫ్టు ఉన్నదా, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ ఉన్నదా అని ముందుగా టెలిఫోనులో అడిగిన తర్వాతనే డబ్బు కట్టాము. శనివారం చేరాము. ఆ పూట ఏ పనీ పెట్టుకోలేదు. స్నానం, భోజనం, నిద్ర. పిల్లలు సణిగారు గాని వినలేదు.

ఆదివారం ఉదయం సర్కారు మ్యూజియం. శుక్రవారం నాడు ఇది మూసి ఉంటుంది, ఆ సంగతి చూసుకొనే మేము రోజులు కుదుర్చుకున్నాము. 1851లో ఏర్పడిన ఈ మ్యూజియంలో తెలుగువారు తప్పక చూడవలసినవి అమరావతి శిల్పాలు. గుంటూరు సీమలో కృష్ణ ఒడ్డున ఉండిన మహా స్తూపపు సున్నపురాతి పలకలు అవి. పందొమ్మిదవ శతాబ్దంలో కొన్ని ఇక్కడికి, కొన్ని లండనుకు చేరినవి. బుద్ధుని కథలు, ఏనుగులు, తామరపూలు, గుమిగూడిన జనం, అంతా ఆ రాతి మీద కదులుతున్నట్లే ఉంటుంది. అమ్మ ఒక పలక ముందు చాలాసేపు నిలబడింది. “రాతిలో ఈ ఆడోళ్ళ గాజులు చూడండి, ఎన్ని వేసుకోనుండారో!” అన్నది. పెద్దవాడు, “అవ్వా, ఇవి మన వాళ్ళవా?” అని అడిగాడు. “మన మాట మాట్లాడే సీమ నుంచి వచ్చినవి నాయనా” అన్నది. అంతకంటే మంచి జవాబు మాకు తోచలేదు.

సాయంత్రం మెరీనాకు పోయాము. ఇసుకలో నడవలేదు కనుక ఆమెను రోడ్డు వైపు గట్టు మీద కూర్చోబెట్టాము. మొదటిసారి సముద్రం చూసిన మనిషి ఏమంటుందో అని మేము కాచుకొని ఉన్నాము. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఇన్ని నీళ్ళుండి ఒక కడవ తాగే దానికి పనికిరాలేదే!” అన్నది. బోరు బావుల కోసం వెయ్యి అడుగులు తవ్వే సీమలో తోట పెంచిన మనిషి మాట అది. రాత్రి భోజనం తేలికగా ముగించి, మందులన్నీ ఒక చేతిసంచిలో సర్దుకున్నాము. పెట్టెలు ఓడవారు తీసుకుపోతే గదికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. కనుక మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు ఎప్పుడూ చేతిలోనే ఉండాలి.

సోమవారం పదకొండు గంటలకే రేవుకు బయలుదేరాము. రేవు పక్కన పోయే దారి పేరు రాజాజీ సాలై. రాజగోపాలాచారి గారు 1878లో మా హోసూరు పక్క తోరపల్లిలో పుట్టినవారు. ఆ పేరు చూడగానే పిల్లలు “మన ఊరి రోడ్డు!” అని కేక వేశారు. ఆ దారిలోనే సెయింట్ జార్జి కోట. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఈ ఇసుక నేల ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరిట వెలసినది చెన్నపట్నం. ఊరికి పేరిచ్చిన వాడు తెలుగు నాయకుడు, ఊరి దారికి పేరిచ్చిన వాడు హోసూరు తాలూకా తమిళుడు. మా సరిహద్దు సీమ వారికి ఈ రెండూ మనవే అనిపిస్తాయి. పన్నెండు లోపల రేవు గుమ్మం చేరాము. వరుస చిన్నది. చక్రాల కుర్చీ అడిగితే ఇచ్చారు. రెండు గంటలకు అమ్మ ఓడలో కిటికీ పక్కన కూర్చొని మజ్జిగ తాగుతున్నది.

ఓడ సంగతులు వ్రాస్తే అది వేరే వ్యాసం అవుతుంది. మొదటి రాత్రి కొంచెం ఊగింది. చిన్నదానికి వాంతులయినవి. వైద్యుడు ముందుగా ఇచ్చిన మాత్రతో సర్దుకున్నది. త్రికోణమలలో కొండ కొమ్మున సముద్రం మీదికి చూస్తూ ఉండే కోనేశ్వరుని గుడికి అమ్మ మెల్లగా మెట్లెక్కింది. మా చంద్రచూడేశ్వరుని కొండ ఎక్కక నాలుగేళ్ళయిన మనిషి! ఆ ముందు రెండు రోజుల విశ్రాంతి లేకుంటే ఇది జరిగేది కాదని మా నమ్మకం.

శనివారం ఉదయం తిరిగి రేవులో దిగాము. ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఓడ దిగిన తర్వాత నేల ఊగుతున్నట్లు ఉంటుంది. ఓడలో ఒళ్ళు ఆ ఊపుకు అలవాటు పడుతుంది. నేల మీదికి వచ్చినా ఒకటి రెండు రోజులు ఆ అలవాటు వదలదు. చాలామందికి ఇది కొంచెంగా కలిగి తనంతట పోతుంది. కుర్రవారికి ఇది వేడుక. పెద్దవారికి మాత్రం కాలు తడబడి పడే ప్రమాదం ఉన్నది. ఆ నాడే రాత్రి బస్సు మెట్లు ఎక్కించడం మంచిది కాదు. అందుకే మైలాపూరులో ఒక రాత్రికి గది తీసుకొని ఉంచాము. ఓడ దిగిన వేళ గది ఇవ్వరు కనుక, సామాను అక్కడ పెట్టి పక్కనే ఉన్న నాగేశ్వరరావు పార్కులో చెట్ల నీడన కూర్చున్నాము. ఆంధ్రపత్రిక స్థాపించి, అమృతాంజనం తయారు చేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట ఉన్న తోట అది. అమ్మ పంతులుగారి పేరు వినలేదు గాని, అమృతాంజనం మాత్రం ఆమె సంచిలోనే ఉన్నది!

సాయంత్రం ఎండ తగ్గాక రాయపేట హైరోడ్డులో ఒక ఇంటికి పోయాము. బులుసు సాంబమూర్తిగారి ఇల్లు అది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు అక్కడ నిరాహార దీక్ష మొదలు పెట్టారు. డిసెంబరు 15న, యాభై ఎనిమిదవ రోజున, అక్కడే ప్రాణం విడిచారు. ఇప్పుడు అది స్మారక భవనం. మరుసటి ఏడు, 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దీక్ష నాడు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నవారు మా తోరపల్లి రాజాజీగారే.

ఇదంతా పిల్లలకు చెబుతుంటే పెద్దవాడు విని, “ఆయన ప్రాణం ఇచ్చి తెచ్చిన రాష్ట్రంలో మన హోసూరు లేదు. ఈ చెన్నపట్నమూ లేదు. మరి మనకు దీంతో ఏమిటి?” అన్నాడు. పిల్లవాడు తప్పు మాట అనలేదు. మా పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. 2006 నాటి చట్టంతో తమిళం బడిలో తప్పనిసరి అయినది. ఉండే రాష్ట్రపు భాష నేర్వడం న్యాయమే. మా వాళ్ళు తమిళం చక్కగా వ్రాస్తారు, అది మాకు గర్వమే. కాని తెలుగు అక్షరాలు మాత్రం రాత్రి భోజనం తర్వాత ఇంట్లో దిద్దించవలసిందే. బడి పాఠాలు ఎక్కువైన నాడు ముందుగా ఆగిపోయేది ఆ దిద్దుడే.

మేము జవాబు వెతుక్కుంటుండగా అమ్మ అందుకున్నది. “మా నాయన చెప్తా ఉండె. ఆ దినాల్లో మా ఊర్లో గూడా శానా మంది ఒక పొద్దు కూడు తినలేదంట. ఊరు ఏ పక్క పోతే ఏముంది నాయనా? ఊరును సర్కారు గీత గీసి అటు పెడతాది, ఇటు పెడతాది. నోట్లో మాటను ఎవురూ గీయలేరు. దాన్ని మనమే పారేసుకోవాల, లేకుంటే మనమే పెట్టుకోవాల.” వాడు ఏమీ అనలేదు. బయటికి వచ్చేటప్పుడు చెల్లెలి చేయి పట్టుకొని, గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటి కూడబలుక్కుంటూ నిలబడ్డాడు. మేము తొందర పెట్టలేదు.

ఆ రాత్రి కపాలీశ్వరుని గుడి, మరునాడు ఉదయం తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామి దర్శనం చేసుకొని, మధ్యాహ్నం లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్‌కే తిరిగి బయలుదేరాము. దీపాలు పెట్టే వేళకు జోలార్‌పేట, రాత్రి భోజనానికి ఇల్లు. అమ్మ మరునాడు ఉదయమే తోటకు పోయింది.

ఖర్చు సంగతి అడుగుతారేమో. నగరంలో ఆ మూడు రాత్రుల బస, భోజనం, ఆటోలు అన్నీ కలిపి ఓడ టిక్కెట్టు డబ్బులో నాలుగవ వంతు కూడా కాలేదు. ఆ కొద్ది ఖర్చు టిక్కెట్టు డబ్బంతటికీ కాపలా కాసింది. ఇక పోదలచిన వారికి మా అనుభవంలో తేలిన నాలుగు మాటలు. పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి ఆరు నెలల పైన గడువు ఉండాలి. ఓడ ఆగే దేశపు అనుమతి సంగతి టిక్కెట్టు తీసుకున్న నాడే విచారించాలి. ఓడ రోజులు, రేవులు ఏటా మారుతుంటవి కనుక నిరుటి మాట నమ్మి బయలుదేరకూడదు. ఓడ ఎక్కే నాడు గుడి, అంగడి ఏవీ పెట్టుకోకూడదు, దిగిన నాడు దూర ప్రయాణం పెట్టుకోకూడదు. పెద్దలను తీసుకుపోయే వారు వారి నడకను బట్టి రోజులు లెక్క వేయాలి గాని, రోజులను బట్టి వారిని నడిపించకూడదు.

విశాఖపట్నం రేవులో కూడా విహార నౌకల కోసం కొత్త నిలయం 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఆ వార్త పేపరులో పెద్దవాడే తెలుగులో చదివి వాళ్ళ అవ్వకు వినిపించాడు, రెండు మూడు చోట్ల తడబడినా ఎవరినీ అడగకుండా. ఆమె వింటూ, “మామిడి పూత బాగుంటే చూస్తాం లే” అన్నది. మా కృష్ణగిరి సీమలో పెద్ద ఆలోచనలన్నీ పూతను బట్టే ఉంటవి మరి!